పదకొండో నంబరు పేరు

ఆ శనివారం నాటి ఆటలో గెలిచిన జట్టుకు దక్కేది ఏమీ లేదు. ఓడిన జట్టు మాత్రం ఇక ఉండదు.

రంగూన్‌లో నాలుగు ప్రైవేటు కాలేజీలకు ఐస్ హాకీ జట్లు ఉన్నాయంటే నమ్మనివారే ఎక్కువ. నగరం పేరు మార్చి ముప్పై ఏళ్ళు దాటింది. నేను ఇప్పటికీ రంగూన్ అనే రాస్తాను. ఊరికి ఉత్తరాన ఒక షాపింగ్ మాల్ పై అంతస్తులో, అసలు హాకీ గచ్చులో మూడో వంతు కూడా లేని మంచు గచ్చు ఒకటి ఉంది. పుట్టినరోజు పూట పిల్లలు వచ్చి జారి పడి నవ్వుకోవడానికి కట్టినది. దాని మీద జట్టుకు నలుగురు, గోలు దగ్గర ఒకడు, పదిహేనేసి నిమిషాల రెండు భాగాలు. అలా కుదించుకుని ఆడేవారు. ఆ ఏడాది అడుగున మిగిలిన రెండు జట్లూ సమానమైన పాయింట్లతో ఉన్నాయి. కరెంటు ఉండడం లేదు కనుక మరుసటి ఏటి నుంచి మూడు కాలేజీలకే మంచు మీద సమయం ఇస్తామని మాల్ వారు తేల్చి చెప్పారు. మంచు లేకపోతే జట్టు ఉండదు. జట్టు లేకపోతే ఆటగాళ్ళ కోటా ఉండదు. కోటా మీద చదువుతున్న కుర్రవాళ్ళ పేర్లు కాలేజీ రిజిస్టరు నుంచి పోతాయి.

రిజిస్టరులో పేరు ఉన్నంతకాలం కాలేజీ ఒక ఉత్తరం ఇస్తుంది. ఆ ఉత్తరాన్ని వార్డు కార్యాలయంలో చూపిస్తే, సైన్యానికి పంపవలసినవారిని ఎంచే చీటీలలో ఆ కుర్రవాడి పేరు వేయరు. ఆ రోజు వచ్చిన పద్దెనిమిది మందీ ఆడింది ఆ ఉత్తరం కోసమే.

వారిలో ఒకడు సూర్యప్రకాష్. తల్లి మన తెలుగు పిల్ల. తండ్రి బర్మీయుడు, ఓడరేవులో గుమస్తాగా పనిచేస్తూ చనిపోయాడు. అమ్మమ్మ అప్పాయమ్మ పబేడాన్ పేటలో పునుగులు, బజ్జీలు వేసి మనవణ్ణి పెంచింది. ఆరో ఏట నుంచి పద్నాలుగో ఏటి దాకా ఆదివారాలు నా తెలుగు బడికి వచ్చాడు. గుణింతాలు సరిగా రాలేదు గానీ ఒక్క ఆదివారం కూడా మానలేదు.

నా బడిలో ఒక నియమం ఉండేది. ప్రభుత్వం ఇచ్చే కార్డు మీద ఏ బర్మీయ పేరైనా ఉండనీ, నా హాజరు పుస్తకంలో తల్లి పెట్టిన పేరే ఉంటుంది. దీనికి కారణం చెప్పాలి. కాన్వెంటులో చేరిన మొదటి రోజున ఒక మదర్, సుధామణి అనే పేరు నోరు తిరగడం లేదని, పలక మీద సోఫియా అని రాసి ఇచ్చింది. నా పదిహేనో ఏట ఆ బళ్ళన్నింటినీ ప్రభుత్వం తీసుకుంది. కొత్తగా వచ్చిన హెడ్‌మాస్టరు సోఫియాను కొట్టివేసి మ తూజా అని బర్మీయ పేరు రాసుకున్నాడు. ఇద్దరిలో ఒక్కరూ నన్ను అడగలేదు. ఆ తరువాత అరవై ఏళ్ళపాటు నేను ఎవరి పేరునూ మార్చలేదు, ఎవరు మార్చిన పేరునూ రాయలేదు.

కాన్వెంటు నాకు ఇచ్చిన మేలు ఒకటి ఉంది: స్కోరు పుస్తకం. గడ్డి మీద ఆడే హాకీలో నాకు కాళ్ళు సాగేవి కావు కనుక మదర్ నన్ను బల్ల దగ్గర కూర్చోబెట్టింది. ఆట ముగియగానే ఇద్దరు కెప్టెన్లనూ ఎదుట నిలబెట్టి, కాగితం మీద ఉన్నదంతా బిగ్గరగా చదివి, ఆ తరువాతే సంతకాలు చేయించాలని నేర్పింది. ఈ ఐస్ హాకీ పోటీల కార్యదర్శి ఊ చిట్ సాన్ ప్రభుత్వ బడిలో నా దగ్గర ఎనిమిదో తరగతి చదివినవాడు. అంతకుముందు స్కోరు రాసినవారంతా బతిమాలితే కరిగిపోయేవారట. అందుకని నన్ను పిలిచాడు.

నేను కరగలేదు. ఆ శనివారానికి మూడు వారాల ముందు, ఆ రోజు సూర్య జట్టుకు ఎదుటి పక్షంగా వచ్చిన జట్టే, వేరే ఆటలో ఒక గోలు వేసింది. వేసిన కుర్రవాడు పట్టికలో లేడు. జ్వరం వచ్చిన స్నేహితుడి చొక్కా తొడుక్కుని దిగాడు. ఆ గోలును నేను కొట్టివేసి ఆట అవతలివారికి ఇచ్చాను. గొడవ జరిగింది. అప్పుడు నా చేత్తో ఒక వాక్యం రాసి నోటీసు బోర్డుకు అంటించాను: “పట్టికలో లేని పేరు ఆటలో లేదు. ఆట మొదలైన తరువాత పట్టికను దిద్దడం జరగదు.” ఆ గోలు నిలిచి ఉంటే వాళ్ళు ఆ శనివారం అడుగు స్థానం కోసం ఆడవలసిన అవసరమే ఉండేది కాదు.

ఆ మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి కరెంటు లేదు. మాల్ జనరేటరు దీపాలకు చాలింది గాని మంచు యంత్రానికి చాలలేదు. గచ్చు చూసుకునే బుల్లియ్య రబ్బరు కర్రతో నీళ్ళను ఒక మూలకు తోస్తున్నాడు. డెబ్బై ఏళ్ళవాడు, ఒకప్పుడు చేపల రేవులో ఐసు దిమ్మలు మోసేవాడు.

“ఏటి బుల్లియ్యా, ఆడడానికి పనికివస్తుందా?” అని అడిగాను.

“మంచుకి జొరమొచ్చీసింది టీచరమ్మా. గంటలో ఆడీసుకుంటే ఆడినట్టు. తరవాత ఇక్కడ చేపలు ఒదిలీవొచ్చు.”

కార్డుల్లోని పేర్లతో జట్ల పట్టికలు అచ్చువేసే యంత్రం కూడా పనిచేయలేదు. అందుచేత చేత్తోనే రాశాను. ఎదుటి జట్టు కెప్టెన్ నే లిన్ తనవాళ్ళ కార్డులన్నీ కట్టగా తెచ్చి నా ముందు పెట్టాడు. మూడు వారాల క్రితం నేర్చుకున్న పాఠం అది. ఒక్కొక్కటీ చూసి రాశాను. సూర్య జట్టు కోచ్ రాలేదు; బస్సు దొరకలేదని కబురు వచ్చింది. సూర్యే కెప్టెన్ కనుక, స్కేట్ల తాళ్ళు బిగించుకుంటూ నంబర్లూ పేర్లూ చెప్పుకుపోయాడు. నేను కార్డులు అడగలేదు. ఎందుకు అడగలేదని ఆ తరువాత నన్ను నేను చాలాసార్లు అడిగాను. తెలిసిన పిల్లవాడు చెబుతున్నాడు, అంతే.

“పదకొండు?” అన్నాను.

“నానే కదా టీచరమ్మా!” అని నవ్వాడు.

రాశాను. అతను వంగి, చూడకుండానే అడుగున సంతకం గీసి మంచు మీదకు పోయాడు.

దానిని మంచి ఆట అని ఎవరూ అనలేరు. రెండు జట్లకూ సరిపడా కర్రలు కూడా లేవు. బయటికి వచ్చినవాడు లోపలికి పోయేవాడికి తన కర్ర అందించేవాడు. ఈ ఆటలో బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ళ నీటి మడుగులో పడిన చోటల్లా ఆగిపోయేది. వెనుక పరుగెత్తుకు వచ్చినవాడు ఆగలేక దాన్ని దాటి పోయి గోడకు కొట్టుకునేవాడు. చూడడానికి వచ్చిన పాతికమందిలో సగం మంది చల్లదనం కోసం వచ్చినవారు. మొదటి భాగంలో గోలు లేదు. విరామంలో సూర్య నీళ్ళు తాగడానికి అడ్డుగోడ దగ్గరికి వచ్చినప్పుడు బుల్లియ్య అతని చెవి దగ్గర అరిచాడు.

“నీటి మీద ఈడుస్తావేట్రా! ఎత్తి ఏసీ. ఐసు దిమ్మ అయినా బురదలో ఈడవం, ఎత్తుతాం.”

“ఎత్తితే కర్ర ఇరిగిపోద్ది తాతా.”

“ఇరిగితే ఇరిగింది. ఓడిపోతే రేపు నీకు కర్రెందుకు?”

ఆట ముగియడానికి రెండు నిమిషాలు ఉన్నాయనగా బిళ్ళ గోలు ముందరి మడుగులో ఆగింది. ముగ్గురు దాని మీద పడబోయి జారారు. సూర్య ఆగి, కర్రను కింది నుంచి తోసి, నీళ్ళతో సహా పైకి లేపాడు. గోలు కాపరి ముఖం మీద నీళ్ళు పడ్డాయి. బిళ్ళ అతని భుజం మీదుగా పోయి వలలో పడింది. కర్ర విరిగిన చప్పుడు నా బల్ల దాకా వినిపించింది.

నేను గడియారం చూసి కాలమూ నంబరూ రాశాను. నా చేయి స్థిరంగానే ఉంది. లోపల మాత్రం, దాచడం ఎందుకు, సంతోషించాను.

ఈల ఊదారు. ఒకటి, సున్నా. సూర్య జట్టు కుర్రవాళ్ళు తడిసిన మంచు మీద బోర్లా పడి ఒకరినొకరు కొట్టుకుంటూ అరిచారు. ఎదుటి జట్టువారు అక్కడే, నిలబడ్డ చోటే, కూర్చుండిపోయారు. నేను ఇద్దరు కెప్టెన్లనూ బల్ల దగ్గరికి పిలిచాను. ఊ చిట్ సాన్ కూడా గొడుగు చంకలో పెట్టుకుని వచ్చాడు. మదర్ నేర్పినట్టే మొదటి నుంచి చదివాను. మాట బర్మీయంలో, పేర్లు రాసి ఉన్నట్టుగా.

“గోలు ఒకటి. పదకొండో నంబరు. సూర్యప్రకాష్.”

నే లిన్ తల ఎత్తాడు.

“ఆయన ఎవరు, సయామా?” అని అడిగాడు. సయామా అంటే పంతులమ్మ. ఆ పిల్లవాడి గొంతులో గర్వం లేదు, కపటం లేదు. నిజంగానే అతనికి తెలియదు. “పదకొండు థు రేయిన్ కదా. పోటీల రిజిస్టరులో థు రేయిన్ అనే ఉంది. మేమందరం అతన్ని అలాగే పిలుస్తాం.”

కాగితం వైపు చూశాను. నా దస్తూరీ ఎప్పటిలాగే నిలువుగా, తీరుగా ఉంది. థు రేయిన్ అనే పేరు ఆ కాగితం మీద ఎక్కడా లేదు.

 ఊ చిట్ సాన్ కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుని గొంతు తగ్గించాడు.

“సయామా, ఇది చేతి పొరపాటు. పెన్ను మీ దగ్గరే ఉంది. ఒక గీత కొట్టి పైన రాయండి. నేను పక్కన సంతకం పెడతాను. బస్సులు ఆగిపోకముందు అందరం ఇళ్ళకు చేరుదాం.”

“గుట్టుగా దిద్దను. ఇద్దరు కెప్టెన్లూ ఒప్పుకుంటే అందరి ఎదుటా దిద్దుతాను,” అని నే లిన్ వైపు తిరిగాను. “బాబూ, ఇద్దరూ ఒకడే. నేను హామీ ఇస్తాను.”

 అతను నోటీసు బోర్డు వైపు చేయి చూపించాడు.

“అది మీ చేతిరాతే కదా, సయామా. ఆ రోజు మా ఔంగ్ మ్యో ఇదే బల్ల దగ్గర ఏడ్చాడు. ఆడింది వాడే, గోలు వేసింది వాడే. అందరూ చూశారు. ‘చూసింది కాదు, రాసింది ముఖ్యం’ అన్నారు మీరు. మావాళ్ళు తొమ్మిది మంది. ఇంటికి వెళ్ళి నేను వాళ్ళ అమ్మలకు ఏం చెప్పాలి? వాళ్ళకు ఒక న్యాయం, మీ పిల్లవాడికి ఒక న్యాయమనా?”

‘మీ పిల్లవాడు’ అన్నాడు. సూర్య నా బడి పిల్లవాడని అతనికి ఎవరు చెప్పారో తెలియదు. అతని వెనుక, అడ్డుగోడకు ఆనుకుని, ఔంగ్ మ్యో అనే ఆ కుర్రవాడు నన్నే చూస్తున్నాడు. ముఖంలో కోపం లేదు. నేను ఏం చేస్తానో చూడాలన్నట్టు చూస్తున్నాడు.

“మళ్ళీ ఆడించండి,” అన్నాను ఊ చిట్ సాన్‌తో.

అతను మంచు వైపు చూశాడు. బుల్లియ్య గచ్చు మధ్యలో మడమల దాకా నీళ్ళలో నిలబడి ఉన్నాడు. “దేని మీద ఆడించను? సోమవారం పట్టిక మాల్ వారికి ఇవ్వాలి. మీరు ఏది చెబితే అది రాసి ఇస్తాను, సయామా. దిద్దమన్నా సరే, వద్దన్నా సరే.”

నే లిన్ కూడా అదే అన్నాడు. “మీరే చెప్పండి. మీరు దిద్దితే నేను అడ్డం పడను. సంతకం మాత్రం పెట్టను.”

ఆ విధంగా విషయం నా ఒక్కదాని మీదకు వచ్చింది.

సూర్య అప్పటిదాకా విరిగిన కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. బర్మీయంలో జరిగిందంతా విన్నాడు. నాతో తెలుగులో అన్నాడు.

“అది నా పేరే కదా టీచరమ్మా. మీరే కదా సెప్పినారు, కార్డు మీది కాదు, ఇదే నా అసలు పేరని.”

“నీ పేరే.”

“మరేటి?”

 అప్పుడు ఆ కాగితాన్ని దిద్ది ఉంటే ఏమయ్యేదో నాకు బాగా తెలుసు. తొమ్మిది మందికి బదులు మరో తొమ్మిది మంది పోయేవారు. నాకు తెలిసినవాడు మిగిలేవాడు. ఆ తేడా కోసం నా వాక్యాన్ని నేనే చెరిపితే, మూడు వారాల క్రితం ఏడ్చినవాడి గోలును నేను దొంగిలించినట్టు అవుతుంది. దిద్దకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. నా పక్షాన ఇంతకంటే చెప్పుకోదగ్గది ఏమీ లేదు.

పెన్ను మూత పెట్టాను. “పట్టికలో లేని పేరు ఆటలో లేదు,” అన్నాను. “ఆట వాళ్ళది.”

నే లిన్ సంతకం చేశాడు.  సూర్య ఏ పేరు రాయాలో తోచక ఒక క్షణం ఆగి, నా వైపు చూసి, పెన్ను కింద పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ వారంలోనే రెండు జరిగాయి. కాలేజీ సూర్య జట్టు తొమ్మిది మంది పేర్లనూ కొట్టివేసింది. మాల్ వారు డీజిలు దొరకదని చెప్పి మంచు గచ్చునే మూసివేశారు. మూడు కాలేజీలకు కూడా సమయం లేదు. నే లిన్ జట్టు గెలుపు నాలుగు రోజులు నిలిచింది.

గురువారం ఉదయం అప్పాయమ్మ మా ఇంటికి వచ్చింది. లమ్మడాలో మా నాలుగో అంతస్తు మెట్లు ఎక్కి ఆయాసపడుతూ, కూర్చోమన్నా కూర్చోకుండా, గుమ్మంలోనే నిలబడింది.

“ఏటి సుధామణీ, వార్డు ఆపీసు గోడ సూసినావా? ఆదోరం చీటీలు తీస్తారట. నా ఒక్క గుంటడికి రెండు పేర్లు అంటించినారు. కార్డు పట్టికలో థు రేయిన్ అట, ఇంటి పట్టికలో సూర్యప్రకాషట. ఆడు పుట్టినప్పుడు ఆ కాయితం రాసింది నువ్వే. ఆటకాడ ఆడు ఒక్కడు కూడా కాకుండా పోనాడు, చీటీల కాడికొచ్చేసరికి ఇద్దరైపోనాడా?”

“ఒక చీటీ తీయిస్తాను, అప్పాయమ్మా.”

“ఒకటి తీయిస్తే రెండోది ఉంటది కదా.”

“ఉంటుంది.”

“మరయితే నీ నాయం ఏటి?” అంది. ఇక కేకలు వేస్తుందనుకున్నాను. వేయలేదు. చేతి సంచిలో నుంచి పునుగుల పొట్లం తీసి బల్ల మీద పెట్టింది. ఎవరి ఇంటికీ వట్టి చేతులతో వెళ్ళడం ఆమెకు రాదు. కళ్ళు తుడుచుకుని మెట్లు దిగిపోయింది.

చౌక్తడాలో కోర్టు వెనుక వరసగా టైపు మిషన్లు పెట్టుకుని కూర్చునేవారి దగ్గరికి పోయాను. సూర్యప్రకాష్ అనబడే వ్యక్తీ థు రేయిన్ అనబడే వ్యక్తీ ఒక్కడేనని, పుట్టుక నుంచీ ఎరిగిన దానినని, ప్రమాణపూర్వకంగా రాయించి సంతకం చేశాను. సంతకం చేయకముందు దాన్ని బిగ్గరగా చదివాను. టైపు చేసినవాడు వింతగా చూశాడు.

శుక్రవారం వార్డు కార్యాలయంలో ఆ కాగితం తీసుకున్న గుమస్తా చిన్న వయసు ఆడపిల్ల. మర్యాదగా నిలబడి రెండు చేతులతో అందుకుంది. రెండు పట్టికలూ తెరిచి వేలు పెట్టి సరిచూసింది.

“మీరు చెప్పింది నిజమే, సయామా. ఒకే మనిషి. రెండుసార్లు వేయడం న్యాయం కాదు. ఒకటి తీసేస్తాను.”

“విద్యార్థి అని రాసుకోవడానికి వీలుందా?”

“కాలేజీ ఉత్తరం ఉందా?”

“లేదు.”

 ఆమె రేకు పెట్టె మూత తీసింది. మడత పెట్టిన చీటీలు నిండా ఉన్నాయి. నంబరు చూసి ఒకటి ఏరింది. కార్డు ఉన్న పేరే ఉంచాలి, అది నిబంధన. కనుక ఆమె తీసింది రెండోది. విప్పి చూపించి, ముట్టినట్టు నా చేత సంతకం చేయించుకుని, దాన్ని నాకే ఇచ్చింది. పేరును బర్మీయ అక్షరాలలో ముద్దుగా రాశారు. ఒక్క అక్షరం తప్పు లేదు.

బయట సూర్య చెట్టు నీడలో నిలబడి ఉన్నాడు. ఆటనాటి నుంచీ నాతో మాట్లాడలేదు, పిలవకుండానే వచ్చాడు.

“ఏటన్నారు టీచరమ్మా?”

“ఒకటి తీశారు.”

“ఏది?”

అరచేయి విప్పాను. చదివాడు. ఆ చీటీని తీసుకుంటాడేమోనని చేయి చాచే ఉంచాను. తీసుకోలేదు.

“మీకాడే ఉంచండి,” అన్నాడు. “మీ పుస్తకంలో పెట్టుకోండి.”

ఎగతాళి చేశాడో లేదో ఆ గొంతును బట్టి నాకు తెలియలేదు. లుంగీ మడత సర్దుకుని, మ్యాచ్‌కు ముందు ఎలా వెళ్ళాడో అలాగే, వేగంగా నడిచి వెళ్ళిపోయాడు.

ఆదివారం పదిగంటలకు చీటీలు. నా బడి కూడా పదిగంటలకే. ఇన్నేళ్ళలో మొదటిసారి బడికి తాళం వేశాను. కార్యాలయం ముందు రేకుల పందిరి కింద నిలబడ్డాను. చుట్టూ మన తెలుగు ఆడవాళ్ళే. అప్పాయమ్మ ముందు వరసలో నేల మీద కూర్చుని ఉంది. సూర్య అవతల మగవారి వరసలో ఉన్నాడు. ఆ మర్యాదగల గుమస్తాయే పెట్టెలో చేయి పెట్టి చీటీలు తీసింది. పక్కన ఒక ఉద్యోగి బిగ్గరగా చదివాడు. చదివి ఆగేవాడు, తిరిగి చదివేవాడు. పద్ధతి తప్పలేదు.

ఏడో చీటీ చదివారు.

“థు రేయిన్.”

ఎవరూ కదలలేదు. ఎవరూ ఏడవలేదు. అప్పాయమ్మ తప్ప మనవాళ్ళలో ఆ పేరు ఎరిగినవారు లేరు. ఎరగకుండా చేసినది నేనే. అవతలి వరసలో సూర్య లేచి నిలబడేసరికి, మధ్యలో ఉన్న స్తంభం అతన్ని మా వాళ్ళకు కనిపించకుండా అడ్డుకుంది. నా పక్కనున్న రాజ్యం, బుల్లియ్య కోడలు, నా మోచేయి పట్టుకుని చెవిలో అడిగింది.

“ఎవులు టీచరమ్మా, ఈ థు రేయినంటే? పాపం, ఏ తల్లి కొడుకో.”

నా పిడికిట్లో సూర్యప్రకాష్ అన్న చీటీ చెమటకు తడిసి ఉంది. ముందు వరసలో అప్పాయమ్మ అప్పటికే కొంగు నోట్లో కుక్కుకుంటోంది.

“మనవాడే,” అన్నాను. “పదకొండో నంబరు.”